సూతకం తీరని చిరునామా

విఘ్నేశ్వర హెగడె ఇంటి గంట ఆదివారం పూట మోగి ఏడాది దాటింది. పాలవాడు సంచీ గొళ్లేనికి తగిలించి పోతాడు. కరెంటు బిల్లు ఫోనుకే వస్తుంది. చుట్టాలంతా సొంతూరు శిరసిలో ఉన్నారు, స్నేహితులు ఎక్కడా లేరు. అందుకే ఆ మధ్యాహ్నం గంట మోగితే పక్క వాటా వాళ్లదనుకుని కదల్లేదు. రెండోసారి మోగాక బనీను మీదికి చొక్కా లాక్కుంటూ వెళ్లి తలుపు తీశాడు.

భోజనాలు ఇళ్లకు చేర్చే కుర్రాళ్లలో ఒకడు నిలబడి ఉన్నాడు. కుర్రాడంటే కుర్రాడు కాదు, నలభై దగ్గర పడ్డ మనిషి. హెల్మెట్టు చంకలో ఉంది. చొక్కా మీద హెగడె పనిచేసే కంపెనీ బొమ్మే ఉంది, కాని పైగుండీ ఊడి దారం వేలాడుతోంది.

"శరావతి మేడం ఇల్లు ఇదే గదన్నా?"

ఆ పేరు ఆ గుమ్మంలో ఎవరి నోటా రాక చాలాకాలమైంది. కాదు, ఆవిడ వెళ్లిపోయి ఏడాదైంది, ఊరికి ఆ చివర యలహంక వైపు ఎక్కడో ఉంటోంది అని చెప్పాలి. హెగడె నోరు అదేమీ ఆలోచించకుండా "అవును" అనేసింది.

"గంట రెండుసార్లు కొట్టున్రి, మా ఆయన మొదటిదానికి లేవడు అని రాసిండ్రు. అందుకే రెండుసార్లు కొట్టిన. నిజమే రాసిండ్రు."

హెగడె పొట్లం అందుకున్నాడు. మలెనాడు మెస్సు భోజనం. ఆ మెస్సు వాళ్ల కొట్లు ఊరంతా ఉన్నాయి. మూత తీయకుండానే వాసన పట్టేశాడు: సరస్వతాకు నూరి మజ్జిగలో కలిపిన తంబుళి, మామిడికాయ పులుసు అప్పెహుళి. ఒక్కటే భోజనం, ఒక్కటే చెంచా. శరావతి కూడా ఆదివారం ఒక్కతే తింటోందన్న మాట. అది తెలిసి సంతోషించడం మర్యాద కాదని అతనికి తెలుసు, అయినా సంతోషించాడు.

పొరపాటున పాత ఇంటి మీద వేలు పడి ఉంటుంది, అనుకున్నాడు. అంటే పాత ఇల్లు ఇంకా ఆమె ఫోనులో ఉంది, దానికి ఇల్లని అర్థం వచ్చే "మనె" అన్న పేరూ పొట్లం చీటీ మీద ఉంది, తన గురించి రాసిన ఆ వెక్కిరింపూ ఉంది. ఎండిన చెరువులో ఒక్క వాన పడ్డట్టయింది ఆ మనిషి లోపల. ఎదుటివాడు దాహంగా చూస్తుంటే గాని నీళ్లివ్వాలని తోచలేదు.

అతని పేరు యమనూరప్ప, ఊరు రాయచూరు పక్కన. చెంబెడు నీళ్లు ఒక్క గుక్కలో తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఇయ్యాల ఈ ఊరికి ఏమైందో ఏమో అన్నా. అందరూ పాత ఇండ్లకే తెప్పించుకుంటుండ్రు. పొద్దుగాల ఒక ఇంటికి వోతే, ఆమె పెండ్లి చేసుకొని మైసూరు వోయిందట. వాళ్లమ్మ నన్నే తిట్టింది. ఇంకో ఇంటికాడ అయితే..." అని ఊడిన గుండీ చూపించాడు. "ఒకాయన తలుపు తీసిండు. పొట్లం మీద పెండ్లాం పేరు చూసిండు. ఆమె ఏడుంది, నంబరియ్యి అని గల్ల వట్టిండు. నాకేం తెలుసన్నా? తిండి ఆడ్నే పడేసి ఉరికిన. పాపం ఆ పిల్ల, ఆకలికి బువ్వ చెప్పుకుంటే ఆడికి పొయ్యింది."

"పాత చిరునామాలే అంటావా, అన్నీ?"

"ఏందన్నా, నువ్వు నా మీద కంప్లైంటు ఇస్తవా ఏంది?"

"లేదు లేదు, నీ తప్పు కాదు" అన్నాడు హెగడె. యమనూరప్ప మెట్లు దిగి వెళ్లాక కూడా తలుపు పట్టుకునే నిలబడ్డాడు. అది ఆమె వేలు చేసిన పొరపాటు కాదు. తను చేసినది.

హెగడె చేసే పని ఎవరికీ చెప్పుకునేది కాదు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే "చిరునామాలు దాచిపెడతాను" అనేవాడు, వాళ్లు పోస్టాఫీసు అనుకుని జాలిపడేవారు. అసలు సంగతి పెద్ద కష్టమేమీ కాదు. కంపెనీకి బోలెడన్ని యంత్రాలున్నాయి. ఏ సంగతైనా ఒకదాంట్లో కాదు, మూడింట్లో దాస్తారు, ఒకటి పడిపోయినా మిగతావి చూసుకుంటాయని. వచ్చిన మాట ముందు మెమరీలో కూర్చుంటుంది. కరెంటు పోతే గల్లంతవకుండా పక్కన ఒక చిట్టాలోనూ పడుతుంది. మెమరీ నిండగానే అంతా కలిపి డిస్కు మీదికి దించి, ఫైలు మూసేస్తారు. మూసిన ఫైలును ఇక బ్రహ్మదేవుడు కూడా దిద్దడు. దిద్దాలంటే కొత్త ఫైలులో కొత్త మాట రాయాల్సిందే. చదివేటప్పుడు అన్నిటికన్నా తాజా మాట చెల్లుతుంది. ఇలా ఫైళ్లు గుట్టలు పడ్డాక, నాలుగైదింటిని కలిపి చదివి, చెల్లని మాటలు పారేసి, ఒకే ఫైలుగా కుదిస్తారు. ఊరికే పేరుకుపోయిన ఇంటిని ఏడాదికోసారి సర్దుకోవడం లాంటిదే.

తిరకాసంతా తీసేయడంలో ఉంది. మూసిన ఫైలులోంచి ఏదీ పీకలేరు గనక, తీసేయడం కూడా ఒక రాతే. "ఇది పోయింది" అని సమాధి మీద పెట్టినట్టు ఒక రాయి పాతుతారు. ఆ పాత మాట కిందనే ఉంటుంది, రాయి పైన ఉంటుంది. కుదింపు జరిగినప్పుడు రెండూ కలిసి పోతాయి. అయితే రాయిని వెంటనే పారేయకూడదు. పది రోజులు ఉంచాలి. ఆ లోపల చావు కబురు మూడు యంత్రాలకూ చేరాలి. కబురు అందని యంత్రం ఒకటి ఎక్కడైనా పడుకుని ఉండి, రాయి పోయాక లేచిందనుకోండి, దాని దగ్గర పాత మాట పచ్చగా ఉంటుంది. మిగతా రెండింటి దగ్గర మాటా ఉండదు, రాయీ ఉండదు. "అయ్యో, ఇది మాకు తెలియకుండా పోయిందే" అని అవి దాని దగ్గర్నుంచి రాసుకుంటాయి. పోయినవాళ్లు అలా లేచి వస్తారు.

ఆ పది రోజులకు ఆఫీసులో సూతకమని పేరు. పెట్టింది జసింత, మంగళూరు క్రైస్తవుల పిల్ల, హెగడె దగ్గర పని నేర్చుకుంది. "రాళ్లు మా వాళ్లవి సార్, సూతకం మీ వాళ్లది, లెక్క సరిపోయింది" అనేది. సూతకం దాటి పడుకున్న యంత్రాన్ని అలాగే లోపలికి రానివ్వకూడదు, ఖాళీ చేసి, మిగతావాటి దగ్గర్నుంచి మొదట్నుంచి నింపాలి. ఈ నియమం రాసింది హెగడె. కొత్తగా చేరిన వాళ్లందరికీ నేర్పింది కూడా హెగడె.

పోయిన నెల ఒక యంత్రం పడిపోయింది. విడిభాగం కోసం చాలా రోజులు పడుకుంది. మధ్యలో ఒక పూట లేచి, సరిగా కూర్చోకముందే మళ్లీ పడింది. శుక్రవారం అది బాగయి వస్తే, హెగడె లెక్క చూసుకున్నాడు: ఇంకా సూతకంలోనే ఉంది, పర్వాలేదు. కలిపేశాడు. అతను లెక్కపెట్టింది రెండోసారి పడిన రోజు నుంచి. ఆ మధ్యలో లేచిన పూట దానికి ఏ కబురూ అందలేదు. లెక్క మొదటిసారి పడిన రోజు నుంచి కట్టాలి. అతనిలాంటి పురోహితుడి కొడుకు సూతకం లెక్క తప్పాడంటే ఊళ్లో తండ్రి పరువు పోతుంది.

బల్ల మీద పొట్లం ఉంది. ఫోను పక్కనే ఉంది. జసింత ఈ ఆదివారం డ్యూటీలో ఉంది, ఒక్క మాట చెబితే చాలు. హెగడె చెయ్యి కదల్లేదు.

సాయంత్రం కూడా ఆమె ఏదో ఒకటి తెప్పించుకుంటుంది, వంట మీద ఆమెకెప్పుడూ విసుగే. మళ్లీ గంట రెండుసార్లు మోగుతుంది. లేదా ఇదేమిటని ఆమే వస్తుంది, గుమ్మంలో నిలబడి తిడుతుంది. ఒక్క పూట. సోమవారం పొద్దున్నే సరిచేస్తే కొంపలేం మునుగుతాయి? ఇలా అనుకున్నాడు, సిగ్గులేకుండా అనుకున్నాడు. ఏడాదిగా మాట వినబడని ఇంట్లో ఉన్నవాడికి ఒక పూట ఆశ పడితే దాన్ని వదులుకోవడం ఎంత కష్టమో పక్కన కూర్చుని నీతులు చెప్పేవాడికి తెలియదు.

కాని ఆ ఊడిన గుండీ కళ్లముందు నుంచి పోలేదు. గల్ల పట్టినవాడికి కూడా సాయంత్రం గంట మోగుతుంది. ఈసారి వాడు తయారుగా ఉంటాడు. హెగడె ఫోను తీశాడు.

"సార్, ఆదివారం మీరు ఫోను చేశారంటే ఎక్కడో ఏదో అంటుకుంది" అంది జసింత.

"శుక్రవారం కలిపిన యంత్రాన్ని బయటికి లాగెయ్. ఇప్పుడే. పాత చిరునామాలు లేచి కొత్తవాటి ముందు కూర్చున్నాయి."

"ఓ, అదా! పొద్దుట్నుంచి చిరునామా తప్పని గోల, డెలివరీ వాళ్లే తప్పు చేస్తున్నారని మేమంతా..." ఆగింది. "దాన్ని ఎవరు కలిపారు సార్?"

"నేనే."

అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. "సూతకం మీరే కదా సార్ మాకు నేర్పింది" అంది నెమ్మదిగా. వేళాకోళం కాదు, నిజంగానే బాధపడింది. అది హెగడెకి ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

"తప్పు కట్టాను. తిట్టేది రేపు తిడుదువుగాని. శుక్రవారం తర్వాత ఆ యంత్రం నుంచి మిగతావాటికి పాకిన చిరునామాల వరుసలన్నీ ఏరు. అన్నిటి మీదా మళ్లీ రాళ్లు వెయ్యాలి. అంతవరకు ఆ చిరునామాలకు ఆర్డర్లు ఆపించు."

"అన్నిటి మీదానా?"

"అన్నిటి మీదా" అన్నాడు. తన ఇంటిదీ అందులో ఉందని తెలిసే అన్నాడు.

ఫోను పెట్టాక, ఎవరూ లేని ఇంట్లో, పొట్లం ఎదురుగా కూర్చున్నప్పుడు అతనికి అసలు సంగతి తట్టింది. యంత్రాల గురించి ఆలోచించినంత చురుగ్గా అతను మనుషుల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఈసారి రెండూ ఒకటే అయ్యాయి.

పడుకున్న యంత్రానికి పడిన రోజు దాకా జరిగినవే తెలుసు. శరావతి ఇల్లు వదిలిన రోజే ఈ చిరునామా తీసేసి ఉంటే, ఆ కబురు అప్పుడు మూడు యంత్రాలకూ అంది ఉండేది, కుదింపులో ఎప్పుడో పోయేది. ఇవాళ లేచేది కాదు. లేచిందంటే, ఆమె తీసేసింది యంత్రం పడిపోయిన తర్వాతే. అంటే పోయిన నెల దాకా, దాదాపు ఏడాది పొడుగునా, ఎక్కడో అద్దె గదిలో ఉంటూ కూడా, ఆమె ఫోనులో "మనె" అంటే ఇదే. గంట రెండుసార్లు కొట్టాల్సిన ఇల్లు.

హెగడె ఏడాదిగా అంతా అయిపోయిందనే అనుకున్నాడు. ఆమె పెట్టె తీసుకుని ఆటో ఎక్కిన రోజు నుంచి లెక్కపెట్టాడు. అందుకే ఫోను చేయలేదు. అయిపోయినదాన్ని కెలకడం ఎందుకని.

పోయిన నెల యంత్రం పడిన రోజు అతనికి బాగా గుర్తుంది. చల్లగా గాలి వేసే యంత్రాల గదిలో, స్వెట్టరు వేసుకుని, మోకాళ్ల మీద కూర్చుని డిస్కు బయటికి లాగుతున్నాడు. ఫోను మోగితే ఎత్తలేదు. మళ్లీ మోగింది. చూస్తే శరావతి.

"విఘ్నా, మన బనశంకరి వైపు పనుంది. సాయంత్రం ఇంటికి రానా? ఉంటావా?"

"యంత్రం పడిపోయింది శరా. రేపు నేనే చేస్తా."

"సరే" అంది.

మర్నాటికి యంత్రం ఇంకా లేవలేదు. మూడోనాటికి విడిభాగం రాలేదు. ఆ తర్వాత, ఇన్ని రోజులయ్యాక ఇప్పుడు చేస్తే ఏమనుకుంటుందో అని మొహమాటపడ్డాడు. మొహమాటం అని ముద్దుగా అంటున్నాం గాని, అది పిరికితనం.

పొట్లం పక్కన ఫోను మోగింది. ఆమె పేరే. ఇంకోసారి మోగేదాకా ఆగలేదు, ఒక్క ఉదుటున ఎత్తాడు.

"నా భోజనం నీ దగ్గరికి వచ్చిందిట" అంది శరావతి. హలో లేదు, ఏమీ లేదు. నిన్ననే మాట్లాడినట్టు ఉంది గొంతు.

"వచ్చింది. తెరవలేదు."

"మంచిపని చేశావు. తెరిచి తినెయ్, అప్పెహుళి పులిసిపోతుంది. నేను ఇంకోటి చెప్పుకుంటా."

"నీ తప్పు కాదు, మాదే. ఒక యంత్రం..."

"యంత్రం పడిపోయింది" అని ఆమే పూర్తిచేసింది. "విఘ్నేశ్వరుడు లోకానికంతా విఘ్నాలు తీస్తాడు, నా వంతుకు వచ్చినవాడు సర్ది పేర్చి పెడతాడు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు కాస్త ఎక్కువసేపే సాగింది, ఆగాక ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు.

"గంట రెండుసార్లు కొట్టాడా?" అంది.

"కొట్టాడు."

"మొదటిదానికి లేచావా?"

"లేదు."

"అనుకున్నా" అంది. ఆమె వెనకాల ఎక్కడో కుక్కరు కూసింది, పక్కింటిది అయ్యుంటుంది. "అయినా ఆ చిరునామా మళ్లీ ఎలా వచ్చింది? నేనెప్పుడో తీసేశాను కదా."

"ఎప్పుడు తీసేశావు?" అన్నాడు.

"వెళ్లిన రోజే" అంది శరావతి.

ఆ మాట అబద్ధమని ఈ భూమ్మీద తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, వాడికే ఆమె చెప్పింది. అబద్ధం, శరా, నువ్వు పోయిన నెల దాకా ఉంచావు, నాకు తెలుసు, ఎలా తెలుసో చెప్పనా అని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పి ఉంటే ఆమె దగ్గర మిగిలిన ఆ కాస్త రోషం కూడా లాక్కున్నట్టయ్యేది. ఏడాది పొడుగునా ఎదురుచూశానని ఒప్పుకోమని ఆమెను ఎవరైనా అడగొచ్చు గాని, ఎదురుచూసేలా చేసినవాడు అడగకూడదు.

"అంతే అయ్యుంటుంది" అన్నాడు. తర్వాత ఉండబట్టలేక, "పోయిన నెల ఫోను చేశావు కదా. ఏం మాట్లాడదామని?" అన్నాడు.

"గుర్తులేదు."

"నేను ఆ రోజు ఇంటికి రావాల్సింది శరా. యంత్రం దాని చావు అది చచ్చేది. రావాల్సింది."

పెట్టేసిందేమోనని ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూశాడు. లైన్లోనే ఉంది.

"అవును, రావాల్సింది" అంది చివరికి. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేదని హెగడెకి అనిపించింది. "సరే విఘ్నా, ఉంటా. ఆకలేస్తోంది. ఆ చిరునామా ఇందాకే మళ్లీ తీసేశాను, నువ్వేం వెతుక్కోనక్కర్లేదు. తంబుళి ముందు తిను."

పొట్లం విప్పి, కంచంలో పెట్టుకున్నాడు. తంబుళి చల్లగా, మిరియం ఘాటుతో, అచ్చం శిరసిలో తిన్నట్టే ఉంది. నాలుగు ముద్దలు దిగాయి, ఐదోది దిగలేదు. ఎదుటి కుర్చీ మీద ఏడాదిగా పేరుకున్న పాత పేపర్లూ, ఉతికి మడవని బట్టలూ ఉన్నాయి. వాటన్నిటికీ అడుగున ఆమె మరిచిపోయిన పసుప్పచ్చ దుపట్టా ఉందని అతనికి తెలుసు. దాన్ని ఎన్నడూ తీయలేదు, పైన వేస్తూ పోయాడంతే.

జసింత మళ్లీ ఫోను చేసింది. గొంతులో హుషారు వచ్చింది, పని ఒక కొలిక్కి వస్తే ఆ పిల్లకు అంతే.

"వరుసలన్నీ ఏరేశాం సార్. రాళ్లు వేయడానికి సిద్ధం. తమాషా చూశారా, ఒకదాని మీద అప్పుడే కొత్త రాయి పడి ఉంది. ఎవరో చూసుకుని సొంతంగానే తీసేసుకున్నారు. దాన్ని వదిలేసి మిగతావి వేస్తాను."

"వెయ్యి" అన్నాడు హెగడె. "ఆ ఒకటి... దాని కబురు మూడింటికీ అందిందా? ఒకసారి చూడు."

కీబోర్డు టకటకలాడింది. హెగడె కంచంలో చెయ్యి పెట్టుకుని, ఏదో ఒక యంత్రం ఎక్కడో పడుకుని ఉండాలని, తన జీవితంలో మొదటిసారి, మనసారా కోరుకున్నాడు.

"మూడింటికీ అందింది సార్" అంది జసింత. "ఏం దిగులు పెట్టుకోకండి. ఈసారి అన్నీ మేలుకునే ఉన్నాయి."